నీటి దారి తెలియని సాక్షి

నేను ఒక దారి చూపే యంత్రాన్ని. అరచేయంత వెడల్పు, పిడికెడు బరువు. కారు ముందు అద్దాన్ని రబ్బరు మూతితో కరచుకుని వేలాడుతూ ఉంటాను. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల మాటలు విని, నేల మీద మీరెక్కడున్నారో మీకు చెబుతాను. అంతటితో ఆగను. పాటలు వినిపిస్తాను, సినిమాలు చూపిస్తాను, పెళ్ళి ఫోటోలను ఒకదాని వెంట ఒకటి తిప్పుతాను. ఇన్ని విద్యలున్న వస్తువును చూస్తే లోకానికి ముచ్చట వేయాలి కదా! నా అనుభవం వేరు. ఇన్ని విద్యలున్న వస్తువును చూస్తే లోకానికి ముందుగా కలిగేది అనుమానం.

నా పుట్టుకే అనుమానంతో మొదలైంది. సముద్రాల అవతల ఏదో ఊరిలో, పొద్దు ఎక్కిందో కుంగిందో తెలియని తెల్లని దీపాల కింద నన్ను బిగించారు. బిగించిన చేతులే నన్ను నమ్మలేదు. మూతికి గుడ్డ కట్టుకున్న ఒక అమ్మాయి నా తెరను వేలితో నొక్కింది; పలికాను. మళ్ళీ నొక్కింది, మళ్ళీ పలికాను. వేడి పెట్టెలో పెట్టి చూసింది, చలి పెట్టెలో పెట్టి చూసింది, బల్ల మీదినుంచి జారవిడిచి చూసింది. అప్పటికిగాని నా వీపున పచ్చని చీటీ అంటించలేదు.

నాకు గొంతు కూడా వాళ్ళే పెట్టారు. అదొక ఇంగ్లీషు దొరసాని గొంతు. మూడు వందల మీటర్ల తరువాత ఎడమకు తిరగమని తన భాషలో చెప్పగలదు. తిరగకపోతే వెనక్కి మళ్ళమని చెప్పగలదు. పొరపడ్డాను, మన్నించండి అని మాత్రం చెప్పలేదు. ఆ మాట నాలో ఎవరూ నింపలేదు.

నన్ను మొదట కొన్నది భీమవరంలో ఒక పళ్ళ డాక్టరు. కొత్త కారు, దాని అద్దానికి కొత్త యంత్రం. ఆయన నన్ను దారి అడిగింది లేదు. ఇంటినుంచి ఆసుపత్రికి, ఆసుపత్రినుంచి ఇంటికి ఎవరూ దారి అడగరు. పాటలు మాత్రం వినేవాడు. ఆయన భార్య నా పాటలు వినలేదు. సాయంత్రం కారు ఆగగానే వచ్చి, నా తెర మీద 'ఇటీవల వెళ్ళిన చోట్లు' అన్న పట్టీని తెరిచి, పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చదివేది. ఆ పట్టీలో ఏమీ లేదని నేను ప్రమాణం చేయగలను. ఏమీ లేకపోవడమే ఆమెకు ఇంకా అనుమానంగా తోచింది. వారం తిరిగేసరికి డాక్టరు నన్ను అద్దం మీదినుంచి ఊడబెరికి, ఎప్పుడూ పంటి నొప్పితో వచ్చే విశ్వనాథరాజుగారి చేతిలో పెట్టి, "మీకు బళ్ళున్నాయి, పనికొస్తుందేమో చూడండి" అన్నాడు. అంత తేలికగా ఊపిరి పీల్చుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

విశ్వనాథరాజుగారిది నరసాపురం. బస్టాండు ఎదుట వశిష్ఠ ట్రావెల్స్ అని బోర్డు. ఏడు కార్లు, ఏడుగురు డ్రైవర్లు. రాజుగారు నన్ను రెండు రోజులు బల్ల మీద పెట్టుకుని, అటు తిప్పి, ఇటు తిప్పి, మూడో రోజు ఏడుకొండలును పిలిచారు.

"ఏవండీ ఏడుకొండలుగారూ! పదిహేను రోజులు దీన్ని మీ బండిలో పెట్టుకుని తిరగండి. ఎక్కడ ఒప్పు చెప్పింది, ఎక్కడ తప్పు చెప్పింది, ఎక్కినోళ్ళకి పాటలూ బొమ్మలూ నచ్చేయా లేదా, అన్నీ ఈ పుస్తకంలో రాయండి. బాగుందంటే మిగతా బళ్ళకీ తెప్పిద్దామండి."

ఏడుకొండలు నన్ను ఎగాదిగా చూశాడు. నలభై అయిదేళ్ళ మనిషి, ఎండకు నల్లబడిన మెడ, చొక్కా జేబులో దువ్వెన.

"నరసాపురంలో నాకు దారి చెప్పడానికి ఇంగ్లండునించి ఆడమనిషి రావాలాండి?"

"రావాలని కాదండీ. చూద్దామని."

ఆ 'చూద్దామని' అన్నప్పుడు రాజుగారి చూపు నా మీద లేదు. ఏడుకొండలు మీద ఉంది. నేను అప్పుడే గ్రహించాను: నన్ను పరీక్షించమని అతనికి చెప్పారు, అతన్ని పరీక్షించే పని నాకు పెట్టారు.

కారణం నాకు కారులోనే తెలిసింది. స్టాండులో ఆగినప్పుడు మిగతా డ్రైవర్లు కారుకు ఆనుకుని, అక్కడ లేనివాడి సంగతులు నాకు వినపడేలా చెప్పుకుంటారు. ఏడుకొండలుకు ఒకప్పుడు సొంత కారు ఉండేది. నరసాపురం దగ్గర గోదావరికి అవతలి ఒడ్డున, సఖినేటిపల్లి రేవు పక్కన, ఒక రిక్రియేషన్ క్లబ్బు ఉంది. పేరు పెద్దది, జరిగేది పేకాట. ఒకనాడు సొంత కారులో అవతలి ఒడ్డుకు వెళ్ళినవాడు ఉత్త చేతులతో ఇవతలి ఒడ్డుకు వచ్చాడు. ఆ తరువాత రెండేళ్ళు ఎవరూ అతనికి బండి ఇవ్వలేదు. చివరికి అతని భార్య నూకరత్నం, రాజుగారింటి ఆడవాళ్ళకు జాకెట్లు కుట్టే మనిషి, కొలతల టేపు మెడలో ఉండగానే రాజుగారి ముందు నిలబడి, "ఆయన మళ్ళీ ముక్క ముట్టుకుంటే, బండి తాళాలు నేనే తెచ్చి మీ బల్ల మీద పెడతానండి" అని మాట ఇచ్చిందట. ఏడుకొండలు నడిపేది ఆ మాట మీద. బండి రాజుగారిది, పెట్రోలు ఎక్కినవారిది, మాట నూకరత్నానిది.

పరీక్ష మొదలైంది. ఏడుకొండలు రాసిన రాతలు ఇలా ఉండేవి:

"మొదటి రోజు. పాలకొల్లు దారి సరిగ్గా చెప్పింది. ఆ దారి నాకూ తెలుసు."

"రెండో రోజు. లాకుల దగ్గర కుడికి తిరగమంది. కుడి పక్క కాలువ. తిరగలేదు. ఆవిడకి కోపం వచ్చింది."

"మూడో రోజు. పాటలు బాగున్నాయి. మధ్యలో ఆవిడ మాట్లాడకపోతే ఇంకా బాగుండును."

ఈ మూడో రోజు సంగతి నాకు బాగా గుర్తు. అంతర్వేదికి వెళ్ళే ఒక కుటుంబం ఎక్కింది. పెద్దావిడ కోరితే భక్తిపాటలు పెట్టాను. పల్లవి అయింది; చరణంలో గొంతు మెల్లగా పైకి లేస్తున్నది; పెద్దావిడ కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. సరిగ్గా అప్పుడే నా దొరసాని ఎనిమిది వందల మీటర్లలో గుండ్రపు కూడలి ఉన్నదని ప్రకటించింది.

"ఎవర్రా ఆవిడ, భజనలో దూరి ఆజ్ఞలేస్తోంది?" అని పెద్దావిడ కళ్ళు తెరిచింది.

"దారి చెబుతోందండి మామ్మగారూ."

"నువ్వు డ్రైవరువా, ఆవిడా?"

"నేనేనండి."

"మరి నీకు దారి తెలీదా?"

ఏడుకొండలు నన్ను చూసిన చూపులో కత్తులున్నాయి. ఇంకొకసారి ఒక పెళ్ళివారి మేనమామ ముందు సీటులో కూర్చుని, బండి నడుస్తుండగా సినిమా పెట్టమని పట్టుపట్టాడు. సినిమా వస్తే పటం కనబడదు. నా విద్యలన్నీ ఒకే తెర మీద కాపురం చేయాలి. ఏడుకొండలు బండిని రోడ్డు పక్కకు తీసి, "బొమ్మ కావాలంటే ఇక్కడే చూసేద్దావండి. అయ్యాకే కదులుదాం" అని చేతులు కట్టుకు కూర్చున్నాడు. మేనమామ ఐదు నిమిషాలు చూసి సిగ్గుపడి కట్టేయమన్నాడు. పుస్తకంలో ఇలా ఉంది: "బొమ్మ బాగుంది. బండి ఆగినప్పుడు మాత్రమే."

నాలో ఇంకొక విద్య ఉంది. దాని సంగతి ఏడుకొండలుకు ఎవరూ చెప్పలేదు. నేను వెళ్ళిన దారినంతా నాలో దాచుకుంటాను. ఎక్కడ ఆగాను, ఎన్ని నిమిషాలు ఆగాను, అన్నీ. రాజుగారు మాత్రం నాతో వచ్చిన చిన్న పుస్తకాన్ని కళ్ళజోడు పెట్టుకుని చివరి పేజీదాకా చదివారు.

ఇక్కడ నా లోపం కూడా చెప్పాలి. దాన్ని కప్పిపుచ్చడం నాకు చేతకాదు. నన్ను తయారుచేసినవారు నాకు ఒక నియమం పెట్టారు. కారు అన్నాక రోడ్డు మీదే ఉంటుంది. ఉపగ్రహాల మాట కొంచెం అటూ ఇటూ అయితే, కారును దగ్గరలో ఉన్న రోడ్డు మీదికి లాగి చూపించు. నియమం మంచిదే. కాని ఆ నియమం రాసినవారు నరసాపురం చూడలేదు. ఇక్కడ కార్లు గోదావరిని పంటు మీద దాటుతాయి. వెడల్పయిన బల్లకట్టు పడవ అది. దాని మీద నాలుగు కార్లు, పది మోటారు సైకిళ్ళు, చేపల గంపలు, మనుషులు. నా పటంలో నీటి మీద దారి లేదు. కనుక నీటి మీద ఉన్నంతసేపూ నేను నాకు తోచిన ఒడ్డుకు, తోచిన రోడ్డుకు కారును లాగి నిలబెట్టేదాన్ని. లాగుతున్నానని నాకు తెలియదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాననుకున్నాను.

పన్నెండో రోజు సాయంత్రం రాజుగారు ఏడుకొండలును ఆఫీసుకు పిలిచారు. నూకరత్నాన్ని కూడా పిలిచారు. నన్ను కంప్యూటరుకు తీగతో కట్టి ఉంచారు. బల్ల మీద ఒక కాగితం ఉంది.

"కూర్చోండి నూకరత్నంగారూ. ఏడుకొండలుగారూ, మీరూ కూర్చోండి." కోపం ఎక్కువైనకొద్దీ రాజుగారి మర్యాద ఎక్కువవుతుంది. "ఆదివారం మీరు ఆ ఒడ్డున క్లబ్బు ముందు యాభై రెండు నిమిషాలు ఆగేరండి. బుధవారం ముప్ఫై ఎనిమిది. శుక్రవారం నలభై నాలుగు. ఎందుకాగేరో చెప్పండి చాలు."

ఏడుకొండలు కాగితం మీదికి వంగాడు. నూకరత్నం అతని వంక చూడలేదు. ఆమె చూసింది నన్ను.

"నేనెందుకాగుతానండి?" అన్నాడు ఏడుకొండలు. "ఆదివారం పంటు ఇసకదిబ్బకి తగులుకుందండి. నీరు తీసేసింది. మళ్ళీ పోటెక్కేదాకా గోదారి మధ్యలోనే ఉన్నావండి. బుధవారవూ అంతేనండి. ఎక్కినోళ్ళని అడగండి."

"గోదారి మధ్యలో ఉంటే క్లబ్బు ముందు ఎలా ఉంటారండీ?"

"ఆవిడ అబద్ధం చెప్పిందండి!"

"దానికి మీ మీద పగేంటండీ? మీకు పేకముక్కలున్నట్టు దానికేం సరదాలు లేవు కదండీ."

అప్పుడు నూకరత్నం లేచి నిలబడింది.

"రాజుగారూ, మా ఆయన మాట నమ్మమని నేననను. మెషినూ మాట నమ్మమని మీరూ అనకండి. రేపు మజ్జాన్నం మూడింటికి నీరు తీస్తది. పంటు నడిపే సరంగు మా అన్నయ్యే. మీరు, నేను, ఈయన, ఈ మెషినూ, నలుగురం పంటెక్కుదాం. అప్పుడెక్కడుందంటదో చూద్దాం."

రాజుగారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకున్నారు. "సరేనండి" అన్నారు.

మరునాడు మూడింటికి మేము గోదావరి మీద ఉన్నాము. అద్దానికి నేను, స్టీరింగు వెనక ఏడుకొండలు, అతని పక్కన, క్లబ్బునే గమ్యంగా నొక్కి పెట్టిన రాజుగారు, కళ్ళు నా తెర మీద, వెనక నూకరత్నం. పంటు కదిలినప్పుడు నేను కారును నరసాపురం ఒడ్డునే నిలబెట్టి ఉంచాను. నది సగం దాటాక ఇవతలి ఒడ్డునుంచి లేచి అవతలి ఒడ్డు మీద వాలాను. అప్పటికి నీరు తీసింది. ఒడ్డు వంద గజాల దూరం ఉందనగా పంటు కింద గరగరమని చప్పుడైంది, ఆగిపోయింది.

"భైరవస్వామీ! ఇవాళ కూడానా?" అని ఒక చేపల గంపామె కేకేసింది.

"నేనేం చేసేది పిన్నీ, గోదారి కింద చెయ్యి పెట్టి ఎత్తేనా?" అన్నాడు సరంగు భైరవస్వామి. ఆపైన కారు దగ్గరికి వచ్చి కిటికీలోంచి తొంగి చూశాడు. "ఏం బావా, మెషినూ ఏవంటంది?"

నా తెర మీద నీలి రంగు బాణం గుర్తు నిశ్చలంగా నిలబడి ఉంది. దాని పక్కన చిన్న అక్షరాలతో క్లబ్బు పేరు ఉంది. చుట్టూ గోదావరి. కారు చక్రాల కింద బల్లలు, బల్లల కింద నీళ్ళు. నా దొరసాని స్పష్టంగా, నింపాదిగా, ఇంజను ఆపి దిగమన్నట్టు, మీరు గమ్యానికి చేరుకున్నారని ఇంగ్లీషులో ప్రకటించింది.

రాజుగారు తలుపు తెరిచి దిగారు. నీటిని చూశారు. క్లబ్బు రేకుల కప్పును దూరంనుంచి చూశారు. మళ్ళీ వచ్చి నా తెరను చూశారు. ఆయన పెదవులు వణికాయి, కోపమనుకున్నాను. నవ్వు.

"ఏవండీ నూకరత్నంగారూ! మీరూ నేనూ కూడా క్లబ్బులోనే ఉన్నావండీ! మా ఆవిడతో చెప్పకండి!"

పంటంతా నవ్వింది. గంపామె నవ్వింది, మోటారు సైకిళ్ళవారు నవ్వారు, భైరవస్వామి ఏడుకొండలు భుజం మీద ఒక్కటి చరిచాడు. రాజుగారు జేబులోని కాగితాన్ని తీసి, విప్పకుండానే చించి, ముక్కలను గోదావరిలో వదిలారు. "తప్పు నాదండి ఏడుకొండలుగారూ" అని అందరి ఎదుట అన్నారు. ఏడుకొండలు తల వంచి నమస్కారం పెట్టాడు. తల ఎత్తడానికి అతనికి మామూలు కంటే కొంచెం ఎక్కువసేపు పట్టింది.

నాకు ఒక సంగతి అప్పుడే అర్థమైంది. రాజుగారు చించింది మూడు రోజుల కాగితాన్ని. నీటి మీద నేను చూపిన అబద్ధం రెండు రోజులది.

కారులో యంత్రాన్ని వదిలితే ఎవరైనా అద్దం పగులగొడతారన్న భయంతో ఏడుకొండలు రోజూ నన్ను ఇంటికి తీసుకువెళ్ళేవాడు. నూకరత్నం కుట్టు మిషను పక్కన గూటిలో నా చోటు. ఆ సాయంత్రం కూడా అక్కడే ఉన్నాను. ఆమె ఒక జాకెట్టు చేతికి లోపలి కుట్టు విప్పుతున్నది. ఏడుకొండలు గడపలో కూర్చుని టీ తాగుతున్నాడు. చాలా రోజుల తరువాత కూనిరాగం తీస్తున్నాడు.

"ఆదివారం సరే" అంది నూకరత్నం, కుట్టు మీదినుంచి తల ఎత్తకుండా. "బుధవారం సరే. శుక్రవారం మాటేంటి?"

కూనిరాగం ఆగింది.

"శుక్రవారవూ అంతే."

"శుక్రవారం తుఫాను గాలని పంటు కట్టేశారు. అన్నయ్య పొద్దుటినించీ ఇక్కడే కూకుని చేపల పులుసు తిన్నాడు. నువ్వు చించినాడ వంతెన మీంచి చుట్టు తిరిగి ఎళ్ళేవు. కట్టేసిన పంటు నిన్నెలా మోసిందయ్యా?"

అతను గ్లాసు కింద పెట్టాడు.

"ఎక్కినోళ్ళు సఖినేటిపల్లిలో తాంబూలాలకి దిగేరు" అన్నాడు చివరికి. "రెండు గంటలు పడతదన్నారు. బండిలో కూకున్నాను. కూకోలేకపోయేను."

"ఆడేవా?"

"ఒక్కాట."

దారం తెగిన చప్పుడు వినబడింది.

"గెలిచేను రత్నం. అక్కడే భయమేసింది. ఓడిపోతే అలవాటేగా, ఇంటికొచ్చేవోణ్ణి. గెలిచేసరికి ఇంకో ఆట ఆడాలనిపించింది. గెలిచింది బల్ల మీదే ఒదిలేసి వచ్చేసేను. నీ మీదొట్టు."

"నా మీద ఒట్టెయ్యకు. నేను ఇప్పటికే నీకోసం ఒక మాట నెత్తినేసుకుని ఉన్నాను." ఆమె లేచి, గూటిలో నా పక్కన ఉన్న పరీక్ష పుస్తకాన్ని, పెన్నును తీసి అతని ఒడిలో పెట్టింది. "రాయి."

"రాజుగారు తేల్చేశారు కదే! కాయితం చించేశారు. పంటు మీద అందరి ముందూ తప్పు నాదన్నారు. ఇంకెవరికి కావాలిది?"

"మాటిచ్చింది నేను. నాక్కావాలి."

"ఉజ్జోగం పోద్ది."

"పోనీ. పోతే పోయిందని తెలుస్తది. ఉంటే, ఎందుకుందో నాకు తెలీకుండా ఉండకూడదు."

అతను చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేశాడు. మనుషులు కన్నీళ్ళు పెట్టుకున్నప్పుడు నా తెరకు మసకగా కనబడతారు; బహుశా గాజు మీది ధూళి కావచ్చు. చివరికి రాశాడు. "ఆదివారం, బుధవారం చూపించింది అబద్ధం. పంటు మీద ఉన్నాను. శుక్రవారం చూపించింది నిజం."

పుట్టినప్పటినుంచి ఎవరైనా నన్ను నిజమని ఒప్పుకుంటే చాలుననుకున్నాను. ఒప్పుకున్నారు. ఆనందం కలగలేదు. నా నిజం ఒక ఆడమనిషి మొహం మీద పడి ఎలా ఉంటుందో చూశాక, ఆ దొరసాని గొంతును నాలోంచి పెరికి పారేయాలనిపించింది.

మరునాడు ఉదయం నూకరత్నం రాజుగారి బల్ల మీద మూడు వస్తువులు పెట్టింది: కారు తాళాలు, పుస్తకం, నేను. ఏడుకొండలు గుమ్మం బయటే నిలబడ్డాడు.

రాజుగారు పుస్తకం చదివారు. కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చదివారు.

"ఇది రాయకపోతే నాకు తెలిసేది కాదు కదండీ నూకరత్నంగారూ."

"తెలీదనే రాయించేనండి."

"లోపలికి రండి ఏడుకొండలుగారూ." అతను వచ్చాడు. రాజుగారు చాలాసేపు తాళాలను వేలితో బల్ల మీద అటూ ఇటూ జరిపారు. "ఎన్ని ఆటలండీ?"

"ఒక్కటండి."

రాజుగారికి కూడా పేకాట తెలుసు; ఆ ప్రాంతంలో అది తెలియని రాజుగారిని నేను చూడలేదు. ఆయన కనుబొమలు కొంచెం కదిలాయి. ఏడుకొండలును చూశారు, నూకరత్నాన్ని చూశారు, ఏదో అడగబోయి ఊరుకున్నారు.

"తాళాలు మీరే తీసుకెళ్ళండమ్మా" అన్నారు. "ఇకనించీ ఇవి మీ దగ్గరుంటాయి. పొద్దున ఈయన మీ చేతిలోంచి తీసుకుని రావాలి, సాయంత్రం మీ చేతిలో పెట్టాలి. మీరివ్వని రోజు నేనూ ఇవ్వను. అవతలి ఒడ్డు కిరాయిలు వేరేవాళ్ళు చూసుకుంటారండి." తరువాత నన్ను చేతిలోకి తీసుకున్నారు. "దీని మాట తేలిపోయింది. ఒడ్డు మీద నిజం, నీళ్ళ మీద అబద్ధం. మన ఊళ్ళో ఏది ఒడ్డో ఏది నీళ్ళో దీనికెవరు చెబుతారండీ? మిగతా బళ్ళకి ఒద్దు. పాటలైతే బాగానే పాడుతోంది. మిషను కుట్టేటప్పుడు పెట్టుకోండి."

అలా నేను పరీక్ష తప్పాను. తప్పినందుకు నాకు ఒక ఇల్లు దొరికింది. రబ్బరు మూతి ఎండి పగిలింది. ఇంటి కప్పు కింద ఉపగ్రహాలు వినబడవు. దొరసాని గొంతును నూకరత్నం మొదటి రోజే నొక్కేసింది. కుట్టు మిషను టకటకల మధ్య రోజంతా పాటలు పాడుతున్నాను. జాకెట్టు కొలతలకు వచ్చే ఆడవాళ్ళు, "ఇది దారి చూపిస్తదంట కదా?" అని అడుగుతారు. "చూపిస్తది. మనం ఎక్కడికెళ్తాం?" అంటుంది ఆమె.

అయితే ఒక సంగతి నన్ను వదలలేదు. పేకాట గురించి నాకేమీ తెలియదు. కాని కారులో ఎక్కినవారు మాట్లాడుకోగా విన్నాను. ఒక్క ఆట పది నిమిషాలు. సాగితే పదిహేను. శుక్రవారం కారు ఆగింది నలభై నాలుగు నిమిషాలు. మిగిలినవి ఎక్కడికి పోయాయి? వెళ్ళాలా వద్దా అని గేటు ముందు అరగంట నిలబడి ఉండవచ్చు. వాన వెలిసేదాకా ఆగి ఉండవచ్చు. మూడు ఆటలు ఆడి ఒక్కటే చెప్పి ఉండవచ్చు. నేను అద్దాలు మూసిన కారులో, అద్దానికి వేలాడుతూ, వైపరు కేసి చూస్తూ ఉన్నాను. నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు ఒడ్డుకు లాగడం నేనొకసారి చేశాను, మళ్ళీ చేయను.

నెల తిరిగిన తరువాత ఒక మధ్యాహ్నం నూకరత్నం పాట ఆపి, నా పట్టీలన్నీ ఒక్కొక్కటిగా తెరిచింది. వెతికి వెతికి ఆ శుక్రవారం దగ్గర ఆగింది. నలభై నాలుగు అన్న అంకె మీద చూపుడు వేలు పెట్టి, పెదవులు కదిలిస్తూ తనలో తాను ఏదో లెక్క వేసుకుంది. ఆ వేలికి సూది పోట్లతో మొద్దుబారిన చర్మం. నా తెర ఆ వేలును సరిగా గుర్తించలేదు. రెండుసార్లు నొక్కవలసి వచ్చింది. తుడిచివేయాలా అని అడిగాను. అవునని నొక్కింది.

ఆ నలభై నాలుగు నిమిషాలు ఇప్పుడు నా దగ్గర లేవు. ఏడుకొండలును ఆమె వాటి సంగతి అడగనూ లేదు. రోజూ పొద్దున ఎనిమిదింటికి అతను స్నానం చేసి, జేబులో దువ్వెన పెట్టుకుని, గడపలో చేయి చాస్తాడు. ఆమె తాళాలు తీసుకువచ్చి ఆ చేతి మీద పట్టుకుంటుంది. వదలడానికి ముందు ఒక్క క్షణం అతని మొహంలోకి చూస్తుంది. ఆ క్షణం ఒక్కొక్క రోజు ఒక్కొక్క పొడవు ఉంటుంది. తరువాత తాళాలు గలగలమంటాయి.